గంప ఎత్తాలా... వద్దా?

బయట తిరిగే కోడికి ఖర్చు తక్కువ, గండాలెక్కువ. గూట్లో ఉండే కోడికి భద్రత ఎక్కువ, హుషారు తక్కువ. పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే ఇళ్లల్లో ఎప్పటికీ తెగని పంచాయతీ ఇది. మరి, వదలడం మేలా... మూయడం మేలా?

పొద్దున గంప ఎత్తినప్పుడు పిల్లలు పది. మధ్యాహ్నం గడ్డివాము దగ్గర కనిపించినవి తొమ్మిది. సందెవేళ లెక్కపెడితే ఏడే! ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది. ఇంకోదాన్ని పిల్లి ఎత్తుకెళ్లింది. మూడోది ఏమైందో తల్లికోడికే తెలియాలి.

'రేపట్నుంచి వీటిని బయటకు వదిలేదే లేదు' అంటుంది కోడలు. 'మూసిపెడితే మేత ఎవరు కొంటారే?' అంటుంది అత్తగారు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆ వాదన ఏళ్ల తరబడి అలా సాగుతూనే ఉంటుంది.

వినడానికి చిన్న విషయమే. కానీ 2019 పశుగణన ప్రకారం మన దేశంలో పెరటికోళ్లు దాదాపు 31.7 కోట్లు! 2012తో పోలిస్తే ఇది సుమారు 46 శాతం ఎక్కువ. వాటి ఆలనాపాలనా చూసేది చాలావరకూ ఆడవాళ్లే. గుడ్లు అమ్మిన డబ్బు, పండక్కి పుంజుని అమ్మగా వచ్చిన సొమ్ము ఎవర్నీ అడక్కుండా వాళ్లు ఖర్చుపెట్టుకోగలిగే కాసిని డబ్బులు. పిల్లల నోటు పుస్తకాలకో మందుబిళ్లలకో అక్కరకొస్తాయి. కాబట్టి సందెవేళ తగ్గిన ఆ మూడు పిల్లలూ ఆమెకు మూడు కోడిపిల్లలు మాత్రమే కాదు.

తిరిగితేనే కోడి!

కోళ్లకు మూలపురుషుడు అడవికోడి. వేల ఏళ్లుగా మనుషుల మధ్య ఉంటున్నా ఆ అలవాట్లు పోలేదు. ముందు గిన్నెనిండా దాణా ఉన్నా సరే, కోడి కాళ్లతో నేలను గీరుతుంది. పొడిమట్టిలో పడి దొర్లుతుంది. అది ఆట కాదు, స్నానం. ఒంటిమీది పేలనూ గోమార్లనూ వదిలించుకునే మార్గమది. చీకటి పడితే కాస్త ఎత్తైన చోటు వెతుక్కుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది మేత. గుడ్లు పెట్టే ఫారం కోడికి రోజుకి 110 నుంచి 120 గ్రాముల దాణా కావాలి. అదే పెంటకుప్పల మీదా పొలం గట్ల మీదా తిరిగే నాటుకోడికి పురుగులూ, చెదలూ, గడ్డిగింజలూ, లేత ఆకులూ దొరుకుతాయి. ఇంట్లోవాళ్లు సాయంత్రం గుప్పెడు నూకలు చల్లితే సరిపోతుంది.

పచ్చసొన ముదురు రంగులో ఉండటానికీ ఈ తిరుగుడే కారణం. ఆకుపచ్చటి మేతలోని కెరోటినాయిడ్లే ఆ రంగునిస్తాయి. అలాగని రంగును చూసి మోసపోకూడదు. దాణాలో బంతిపూల సారం కలిపినా సొన అలాగే మెరిసిపోతుంది మరి.

గడప దాటితే గండమే

గద్దలూ, కాకులూ, కుక్కలూ, పిల్లులూ, ముంగిసలూ... కోడిపిల్లకు శత్రువులు ఒకరా ఇద్దరా! తెల్లగా ఉండేవి గద్ద కంట్లో తొందరగా పడతాయి. పెరట్లో పెంచడానికి రూపొందించిన జాతులు రంగురంగుల ఈకలతో ఉండటానికి ఇదీ ఓ కారణం.

కంటికి కనిపించని గండాలు ఇంకొన్ని. తిరిగే కోడి ఏం తింటోందో మన చేతిలో ఉండదు. మందు పట్టించిన విత్తనాలు ఏరుకుతింటే ప్రాణమే పోవచ్చు. నేలలోని పురుగుల వల్ల కడుపులో ఏలికపాములు పెరుగుతాయి. గుడ్లు ఏ పొదలోనో గడ్డివాములోనో పెట్టేస్తే అవి మనకన్నా ముందు పాముకో పందికొక్కుకో దొరుకుతాయి.

ఇక ఇరుగుపొరుగు సంగతి సరేసరి. ఆరబోసిన వడ్లమీదో కొత్తగా వేసిన తోటకూర మడిలోనో కోళ్లు పడ్డాయంటే... ఆ రోజు రెండిళ్ల మధ్య మాటలు బంద్!

మూసేస్తే మరో తంటా

'ఇంత గొడవెందుకు, గూట్లోనే ఉంచేస్తే పోలా?' అనిపిస్తుంది. అక్కడా తిప్పలు తప్పవు. ఇరుకులో ఉన్న కోడికి తోచక పక్కదాని ఈకలు పీకుతుంది. రక్తం కనిపించిందంటే మిగతావన్నీ దానిమీదే పడి పొడుస్తాయి. కింద పరిచిన ఊక తడిస్తే ఘాటైన అమోనియా వాసన కమ్ముకుని కళ్లూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. ఆ తడిలోనే రక్తవిరేచనాల జబ్బు పుడుతుంది.

మూసిన కోడికి అన్నీ మనమే అందించాలి. సరిపడా మాంసకృత్తులతో పాటు పెంకు గట్టిగా ఉండేందుకు గుల్లపొడో సున్నపురాయి పొడో పెట్టాలి. వీటిలో ఏది తగ్గినా గుడ్లు తగ్గుతాయి. నాలుగు కోళ్ల మీద వచ్చే నాలుగు డబ్బులూ దాణాకే సరిపోతాయి.

పగలు పెరట్లో... రాత్రి గూట్లో

మరేం చేయాలి? జవాబు మన అమ్మమ్మల గంపలోనే ఉంది. పగలు ఎత్తడం, రాత్రి మూయడం. పశువైద్యులు చెప్పేదీ అదే. కాకపోతే ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు మూయాలి అన్నదానికి వాళ్లు లెక్క చెబుతారు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. ఈ పిల్లల్ని మొదటి ఆరు వారాలు బల్బు వెచ్చదనంలో, మంచి దాణాతో లోపలే పెంచి, టీకాలు పూర్తిచేశాకే పెరట్లోకి వదలమంటారు. తల్లికోడి వెంట తిరిగే నాటుపిల్లలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. గద్ద కాళ్లకు చిక్కేదీ చలికి ముడుచుకుపోయేదీ ఎక్కువగా ఆ తొలివారాల్లోనే కదా. తల్లినీ పిల్లల్నీ కొన్ని వారాలు పెద్ద గంప కిందో వల కట్టిన చోటో ఉంచి, నూకలూ నీళ్లూ అందిస్తే చాలావరకూ దక్కుతాయి.

పెద్ద కోళ్లకు మరో చిట్కా. పెట్టలు ఎక్కువగా మధ్యాహ్నం లోపే గుడ్డు పెడతాయి. అందుకని పొద్దున తొమ్మిదీ పదింటి వరకూ గూట్లోనే ఉంచి, మూలన గడ్డి పరిచిన బుట్ట పెడితే చాలా గుడ్లు అక్కడే దొరుకుతాయి. సాయంత్రం రోజూ ఒకే వేళకి గింజలు చల్లడం అలవాటు చేస్తే, పిలవకుండానే ఇంటికి చేరతాయి.

గూడు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటే మేలు. లోపల కూర్చోడానికి ఓ అడ్డకర్ర ఉండాలి. గాలి ఆడాలి కానీ జాలీ కన్నాల్లోంచి ముంగిస దూరకూడదు. కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగుల జాగా ఉంటే ఇరుకనిపించదు. పక్కింటితో పేచీ లేకుండా పెరట్లో కొంత మేర పాత వల కట్టి దాన్నే వాటి ఆటస్థలం చేయొచ్చు. అక్కడ మేత తక్కువనిపిస్తే అజొల్లా వేయొచ్చు. తడిపిన పేడ, గడ్డి నింపిన కుండని చెదలున్న చోట రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి కోళ్లకు విందు సిద్ధం.

అప్పుడు మాత్రం...

తలుపు పూర్తిగా మూయాల్సిన రోజులూ ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడింది. ఎక్కడైనా ఈ వ్యాధి నిర్ధారణ అయితే చుట్టూ కిలోమీటరు పరిధిలోని కోళ్లను చంపి పూడ్చేయాలన్నది నిబంధన. ఫారం కోళ్లతో పాటు పెరటికోళ్లకూ అది తప్పదు. ప్రభుత్వం పరిహారం ఇస్తుంది కానీ ఇంట్లో పుట్టి పెరిగిన కోళ్లని అప్పగించడం ఎవరికైనా కష్టమే.

ఈ వైరస్ వలసపక్షులూ నీటిపక్షుల ద్వారా వ్యాపిస్తుంది కాబట్టి, అలాంటి సమయంలో కోళ్లని చెరువుల వైపు పోనివ్వకూడదు. ఇంగ్లండ్‌లోనైతే 2022 నవంబరు 7 నుంచి 2023 ఏప్రిల్ 18 దాకా కోళ్లన్నిటినీ లోపలే ఉంచాలని ఉత్తర్వులిచ్చారు. ఇంటి దగ్గర రెండు కోళ్లు పెంచుకునేవారికీ అది వర్తించింది.

మన ఊళ్లలో ఎక్కువ కోళ్లను తుడిచిపెట్టేసేది కొక్కెర తెగులు. మొదటివారంలో లసోటా చుక్కలు, నాలుగోవారం ప్రాంతంలో మళ్లీ ఓసారి, ఎనిమిదోవారం ప్రాంతంలో ఆర్2బీ టీకా వేయిస్తే దాన్ని చాలావరకు ఆపొచ్చు. పక్కింట్లో కోళ్లు చనిపోతున్నాయని తెలిస్తే మనవాటిని వెంటనే మూసేయాలి. సంతలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపాలి. జబ్బుచేసిన కోడిని తక్కువ ధరకి ఎవరికో అమ్మేస్తే జబ్బునీ అమ్మినట్టే!

అందుకే అత్తాకోడళ్లలో ఎవరూ ఓడిపోనక్కర్లేదు. పిల్లలుగా ఉన్నన్నాళ్లూ కోడలి మాట వినాలి, రెక్కలొచ్చాక అత్తగారి మాట వినాలి. అప్పుడు పొద్దున గంప ఎత్తినప్పటి లెక్కే... సందెవేళ మూసేటప్పుడూ ఉంటుంది!