కలిసినా గుణం పోదు

రెండు లేదా అంతకంటే ఎక్కువ పదార్థాలు రసాయనికంగా మారకుండా కలిసి ఉంటే దాన్ని మిశ్రమం అంటారు. కలిశాక కూడా దేని గుణం దానికే ఉంటుంది. నీళ్లలో పడ్డ ఉప్పు ఉప్పగానే ఉంటుంది, ఇసుకలో పడ్డ ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుంటూనే ఉంటుంది. ఏది ఎంత ఉండాలన్న కట్టుబాటు కూడా లేదు. నీరు మిశ్రమం కాదు కాబట్టి అందులో రెండు హైడ్రోజన్ పరమాణువులకు ఒక ఆక్సిజన్ పరమాణువు ఉండి తీరాలి. చాయ్‌లో పాలెన్ని, డికాషన్ ఎంత అన్నది మాత్రం పోసేవాళ్ల ఇష్టం. హైదరాబాద్ పాతబస్తీలోని ఇరానీ హోటళ్లలో పాలు ఒక గిన్నెలో, డికాషన్ మరో గిన్నెలో విడివిడిగా కాగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. మిశ్రమం తయారవడం నాలుగో తరగతి పిల్లలు కళ్లారా చూడగల చోటు అది.

బడిలో మిశ్రమాల పాఠం మొదట తడబడేది ఒక మాట దగ్గర. తెలుగులో మంచూ కరుగుతుంది, చక్కెరా కరుగుతుంది. జరిగేవి మాత్రం రెండు వేరు పనులు. మంచు కరగడానికి వేడి చాలు, రెండో పదార్థంతో పని లేదు. చక్కెర కరగడానికి నీళ్లు కావాలి. ఒకే క్రియాపదం రెండింటికీ వాడటంతో, చక్కెర కూడా మంచులాగే నీరైపోయిందని పిల్లలు అనుకోవడంలో వింత లేదు. ఉర్దూలో ఈ చిక్కు లేదు: మంచుకు పిఘల్నా, చక్కెరకు ఘుల్నా. పాతబస్తీ బడుల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు, తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఆ రెండు మాటలనూ బోర్డు మీద రాసి, మైనం ముక్కను వేడి చేసి ఒకటి, చన్నీళ్లలో చక్కెర వేసి ఒకటి చూపిస్తే, నిర్వచనం కంఠస్థం చేయించి సాధించలేనిది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంత మంచి అవకాశం ఒకే భాష వినిపించే తరగతికి దొరకదు.

రెండో చిక్కు, కరిగింది కనిపించకపోవడం. నీళ్లలో వేసిన చక్కెర గురించి పిల్లలు ఏమనుకుంటారో జెనీవాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు పియాజే, ఇన్హెల్డర్ పరిశోధించి 1941లో పుస్తకంగా వెలువరించారు. బాగా చిన్నపిల్లలు చక్కెర లేకుండానే పోయిందని అనుకుంటారని అందులో తేలింది. దీనికి మాటలతో జవాబు చెప్పకూడదు, తరాజుతో చెప్పాలి. ఒక పళ్లెంలో గ్లాసెడు నీళ్లు, పక్కనే కాగితం మీద రెండు చెంచాల చక్కెర పెట్టి, రెండో పళ్లెంలో సరితూగేలా రాళ్లు వేయాలి. తర్వాత చక్కెరను నీళ్లలో పోసి కలపాలి. కలిపిన చెంచాకు అంటిన చుక్కలను గ్లాసులోకే దులిపి, ఖాళీ కాగితాన్ని తిరిగి అదే పళ్లెంలో ఉంచాలి. ముల్లు ఎటు ఒరుగుతుందో పిల్లలు ముందే చెప్పాలి, ఆ తర్వాతే తరాజు ఎత్తాలి. ముల్లు కదలదు. చక్కెర ఎక్కడికీ పోలేదని అప్పుడు వాళ్లే అంటారు.

ఎంత కరుగుతుందన్నదానికి హద్దు ఉంది. గది వేడిమి దగ్గర 100 గ్రాముల నీటిలో ఉప్పు దాదాపు 36 గ్రాములే కరుగుతుంది, చక్కెర 200 గ్రాముల దాకా కరుగుతుంది. నీళ్లు వేడెక్కితే చక్కెర ఇంకా ఎక్కువ కరుగుతుంది, ఉప్పులో పెద్ద తేడా రాదు. చెంచా నిలబడేంత తీపి చాయ్‌ని హైదరాబాదీలు ఖడే చమ్మచ్ కీ చాయ్ అంటారు. ఈ లెక్కన మరిగే చాయ్ తన బరువును మించిన చక్కెరను కరిగించుకోగలదు కాబట్టి, చెంచా నిజంగా నిలబడటం అంత తేలిక కాదు.

ఉప్పు నీళ్లు, పాలు, బురద నీళ్లు మూడూ మిశ్రమాలే అయినా ఒక తీరు కావు. మూడు గాజు గ్లాసుల్లో ఉప్పు నీళ్లు, రెండు చుక్కల పాలు కలిపిన నీళ్లు, మట్టి కలిపిన నీళ్లు పోసి, గది చీకటి చేసి పక్క నుంచి టార్చి వేయాలి. ఉప్పు నీళ్లలో వెలుగు దారి కనిపించదు. అందులోని రేణువులు వెలుగును చెదరగొట్టలేనంత చిన్నవి. పాలనీళ్లలో ఆ దారి తెల్లగా వెలుగుతుంది. మట్టి నీళ్లలోని మట్టి కాసేపటికి అడుగున పేరుకుంటుంది, పాలనీళ్లలో అలా ఏదీ పేరుకోదు. పాతబస్తీ సందుల్లోని చీకటి దుకాణాల్లో తలుపు సందులోంచి పడే ఎండ గీతలో దుమ్ము మెరవడానికీ కారణం రేణువులు వెలుగును చెదరగొట్టడమే.

మిశ్రమాన్ని విడదీయడమంటే, కలిసిన వాటిలో గుణం ఎక్కడ తేడాగా ఉందో పట్టుకోవడం. బియ్యాన్ని చేటలో చెరిగితే బరువు తేడాతో పొట్టు ఎగిరిపోతుంది. పిండి జల్లిస్తే పరిమాణం తేడా పనిచేస్తుంది. పాతబస్తీలోని లాడ్ బజార్ లక్క గాజుల్లో అయితే వేడి తేడా: లక్క వేడికి మెత్తబడుతుంది, దానిలో పొదిగిన గాజు రాయి చెక్కుచెదరదు.

ఇంతకంటే మంచి ఉదాహరణ పాతబస్తీలోనే చార్‌కమాన్ చుట్టుపక్కల ఉంది. బంగారం పనివాళ్ల దుకాణాల ముందరి ధూళిని, మోరీలోని మట్టిని ఊడ్చి తెచ్చి అందులోంచి బంగారం తీసి బతికేవాళ్లున్నారు. న్యారియాలని వాళ్లకు పేరు. ఆకురాయి పెట్టేటప్పుడు రాలిన రజను కంటికి ఆనదు. మట్టిని లోతైన ఇనుప చట్టిలో వేసి, నీళ్లు పోసి, మెల్లగా తిప్పుతూ అంచు మీదుగా వంచుతుంటే తేలిక మట్టి నీళ్లతో జారిపోతుంది, బరువైనది అడుగున నిలుస్తుంది. ఒకే పరిమాణం తీసుకుంటే బంగారం నీటికంటే సుమారు 19 రెట్లు బరువు, ఇసుక రెండున్నర రెట్లు మాత్రమే. ఆ తర్వాత పాదరసంతోనో ఆమ్లాలతోనో చేసే పని ఆరోగ్యానికి చాలా ప్రమాదం, బడికి అది తేకూడదు. ఇసుకలో చిన్న ఇనుప బాల్‌బేరింగు గుండ్లు కలిపి పళ్లెంలో తిప్పిస్తే చాలు. చేతి పని ఎంత నేర్పు కోరుతుందో కూడా పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

మూసీ నది పక్కన బతికే పిల్లలకు వానాకాలపు ఎర్రనీళ్లు కొత్త కావు. అలాంటి నీళ్లను రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో పటిక తిప్పితే ఆ గ్లాసు ముందు తేరుకుంటుంది. సన్నని మట్టి రేణువులు పటిక వల్ల గుంపులు కట్టి బరువెక్కి దిగుతాయి. తేట నీళ్లు తాగే నీళ్లు కావని ఇక్కడే గట్టిగా చెప్పాలి. క్రిములూ, కరిగిన లవణాలూ అందులో ఉండవచ్చు.

మిశ్రమం ఎక్కడ ఆగిపోతుందో చూపించడానికి చార్మినారే ఉంది. 1591లో కట్టిన ఈ కట్టడంలో రాయిని పట్టి ఉంచేది సున్నపు గచ్చు. తడి సున్నం, ఇసుక కలిపినప్పుడు అది మిశ్రమమే. ఆరుతున్నకొద్దీ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బొనేటుగా, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థంగానే మారిపోతుంది. ఇక దాన్ని ఎంత కడిగినా మొదటి సున్నం తిరిగి రాదు. కూల్చిన పాత ఇంటి గచ్చు పెళ్ల ఒకటి తెచ్చి (కట్టడం నుంచి గోరంత కూడా గీకకూడదు) పొడి చేసి వెనిగర్ పోస్తే బుడగలు వస్తాయి. అవి గచ్చు ఎప్పుడో పీల్చుకున్న వాయువే. బుడగలు ఆగినప్పుడల్లా కొత్త వెనిగర్ పోస్తూ ఒకటి రెండు రోజులు ఓపిక పడితే, గిన్నె అడుగున ఇసుక మిగులుతుంది. గచ్చులో పడినప్పుడు ఎలా ఉందో అలాగే, గరుకుగా, వేళ్ల మధ్య రాలుతూ.