చెరువుకట్టల సంరక్షణము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములకు కృష్ణాజలములు వచ్చుచున్నవి. హంద్రీ-నీవా కాలువనీరు 2025 ఆగస్టులో కుప్పము సీమలోని పరమసముద్రము చెరువును చేరినది. ఏండ్ల తరబడి ఎండిన చెరువులు నిండుటకంటె ఈ సీమకు సంతోషకరమగు వార్త లేదు. అయినను ఒక ప్రశ్న నడుగక తప్పదు. ఇన్నాళ్లు ఎండిన కట్టలు ఆ నీటిని మోయగలవా?

మట్టికట్ట ఎండినకొలది నెర్రెలు వారును. ఎలుకలు, పందికొక్కులు బొరియలు చేయును. కంపచెట్లను కొట్టివేసినను వాని వేళ్లు క్రుళ్లి లోపల సొరంగములు మిగులును. చెరువు నిండినపుడు నీరు ఈ దారులనే వెదకికొనును. కట్ట వెలుపల ఊరు నీరు తేటగానున్నంతవరకు దానిని కనిపెట్టియుండవలెను. అది బురదరంగు తిరిగెనా, లోపలి మన్ను కొట్టుకొనిపోవుచున్నదని యర్థము. ఇక మిగిలినవి గంటలే. మరువ పూడియున్నచో నీరు కట్టపైనుండియే పొరలును. మట్టికట్ట దానిని సహింపదు.

ఇది ఊహ కాదు. మదనపల్లె సీమనుండి పారు బాహుద, పింఛానదితో గలిసి చెయ్యేరగును. 2021 నవంబరు 19వ తేదీన ఆ చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయి, పులపత్తూరు, మందపల్లె మున్నగు గ్రామములు నీటిపాలయ్యెను. దాని తలుపులలో నొకటి నాడు పనిచేయలేదు. ఆ దినములలోనే తిరుపతి చెంత రాయలచెరువు కట్టకు ఊట పుట్టగా దిగువ గ్రామములను ఖాళీచేయించిరి.

ఆ యేటి డిసెంబరులోనే ఆనకట్టల భద్రతాశాసనము అమలులోనికి వచ్చినది. అది పదునైదు మీటర్లకు మించిన కట్టలకును, పది మీటర్లు దాటినవానిలో కొన్నిటికిని మాత్రమే వర్తించును. మన గ్రామపు చెరువులలో పెక్కు ఆ లెక్కలోనికే రావు. 1369వ సంవత్సరపు పోరుమామిళ్ల శాసనము చెరువునకు ఆరు దోషములను చెప్పుచు, కట్టనుండి నీరు ఊరుటను వానిలో జేర్చినది. ఆ పెద్దలు కట్ట యెత్తును బట్టి దోషమును మినహాయింపలేదు!

పట్టణముల చెంత చెరువుకట్టలపై నడకదారులు, బల్లలు, దీపములు వెలయుచున్నవి. మేము వానిని కాదనము. జనులు సాయంకాలము నడచు కట్టను చూచు కన్నులు పెక్కు. అయితే దీపము వెలుగనిచో మరునాడే ఫిర్యాదు పోవును. తూము తలుపు తుప్పుపట్టి ఏండ్లు గడచినను అడుగువారు లేరు. కట్టపై నీడకొరకు పెద్దచెట్లను నాటుట మరియు వింత.

పూర్వము నీరుగంటి యుండెను. కళ్లములో రైతులిచ్చు గింజలతో బ్రతుకుచు, వానరాత్రి కట్టపై తిరుగువాడు. నేడు పెక్కు ఊళ్లలో ఆ పని చేయువాడు లేడు. 1997 శాసనము ననుసరించి యేర్పడిన నీటివినియోగదారుల సంఘములు అతనికి నెలజీత మేర్పరచి నిలుపవలెను. కాలువనీరు వదలుటకు ముందు ఇంజనీరు కట్ట పొడవునను నడచి, తూమును, మరువను చూచి, తాను కన్నది వ్రాసి పంచాయతీ గోడపై నంటింపవలెను. తొలియేడు చెరువును ఒక్కసారిగా నింపక, మూడవవంతున నొకసారియు, సగమున నొకసారియు ఆపి, కొన్నాళ్లు ఊటను గమనించి పిమ్మట నింపవలెను. ఈ పనులన్నియు ఈశాన్యపు వానలకు ముందే ముగియవలసియున్నవి.