వార్తల్లో పదం: ‘పరిశ్రమ’

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, ‘పరిశ్రమ’ నిర్వచనంలోంచి ధార్మిక, సామాజిక, దాతృత్వ సేవాసంస్థలను తప్పించింది. కోరుకొండ మండలంలో ఊరూరా తిరిగి, బడి మానేసిన పిల్లల పేర్లు రిజిస్టరులో రాసుకునే ఒక స్వచ్ఛంద సంస్థ ఉద్యోగిని ఊహించండి. ఆదివారం కూడా మీటింగులేమిటని, పెట్రోలు బిల్లు నెలల తరబడి ఎందుకు ఆపారని అడిగినందుకు పొమ్మంటే, దాన్ని పారిశ్రామిక వివాదంగా ట్రిబ్యునల్ ముందుంచే దారి ఇక మూసుకుపోయినట్టే. ఆ దారిని 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు విశాలంగా తెరిచింది. లాభాపేక్ష ఉందా అన్నది కాదు, యజమాని, ఉద్యోగులు కలిసి క్రమపద్ధతిలో సేవలందిస్తున్నారా అన్నదే చూడాలని జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు. సేవాసంస్థలను తప్పిస్తూ 1982లో పార్లమెంటు చేసిన సవరణ అమలుకే నోచుకోలేదు.

దాతల సొమ్ము వ్యాజ్యాలకు పోతుందన్న భయం సబబే. కానీ ఉచితంగానో, నామమాత్రపు భృతికో సేవచేసే చిన్న సంస్థలను 1978 తీర్పే మినహాయించింది. మిగిలిన సంస్థల ఉద్యోగులకు ఆ జీతంతోనే ఇల్లు గడవాలి. వేతనాల కోడ్, లైంగిక వేధింపుల నిరోధక చట్టం వీరికీ వర్తిస్తున్నాయిగా అనొచ్చు. నిజమే, బకాయి అడగొచ్చు. అడిగాక ఉద్యోగం నిలవాలి కదా! ఆశయం గొప్పదైన చోట, ప్రశ్నించినవారిపై ‘నిబద్ధత లేదు’ అన్న ముద్ర ఇట్టే పడుతుంది. సివిల్ కోర్టుకెళితే సాధారణంగా దక్కేది పరిహారమే, ఉద్యోగం కాదు. మినహాయింపును నిజమైన వాలంటీర్లతో నడిచే సంస్థలకే పరిమితం చేస్తూ కోడ్‌ను సవరించాలి.