వంద గంటల ఆట, ఆగస్టు గడువు

మా అబ్బాయి ఆగస్టులో కాలేజీకి వెళ్తున్నాడు. ఈలోగా వాడితో కలిసి ‘డ్రాగన్ వారియర్ 7’ పూర్తి చేద్దామని కూర్చున్నాను. జపాన్‌లో 2000లో ‘డ్రాగన్ క్వెస్ట్’ పేరుతో, అమెరికాలో 2001లో ఈ పేరుతో ప్లేస్టేషన్‌కి వచ్చిన గేమ్ ఇది. రెండు డిస్కులు, వంద గంటల పైమాటే.

అంతసేపు ఎందుకంటారా? కథ మొదట్లో ప్రపంచమంతా ఒకే ఒక్క దీవి. విరిగిన రాతిపలకల ముక్కలు వెతికి అమర్చితే గతంలోకి దారి తెరుచుకుంటుంది. అక్కడివాళ్ల కష్టం తీరిస్తే, మాయమైన ఆ నేల మన కాలంలో మళ్లీ కనిపిస్తుంది. ఆ తర్వాత ఇంకో పలక. మొదటి పోరాటం రావడానికే మాకు రెండు గంటలు పట్టింది! ఆడేది ఒక్కరే అయినా పోరాటం వంతులవారీగా సాగుతుంది కాబట్టి ఇద్దరం కూర్చుని తాపీగా ఆలోచించుకోవచ్చు. సేవ్ చేయాలంటే మాత్రం చర్చికి వెళ్లి ఫాదర్‌కి చెప్పుకోవాలి. భోజనానికి పిలిస్తే వెంటనే లేవనిది అందుకేనంటే మా ఆవిడ నమ్మదు.

కథ ముందే తెలియకూడదనుకునేవారు ఇక్కడ ఆగండి. హీరో ప్రాణస్నేహితుడు, రాజకుమారుడు కీఫర్, మధ్యలో గతంలోనే ఉండిపోతాడు. కష్టపడి పెంచిన లెవెల్స్ అతనితోనే పోతాయి. అక్కడ మావాడు కంట్రోలర్ నా చేతికిచ్చి, “నువ్వు ఆడు నాన్నా” అని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు వాడే వచ్చి కూర్చున్నాడు.

ఇప్పటికి అరవై గంటలయ్యాయి. ఇంకా మూడు వారాలుంది.