పాడేటప్పుడు కదలకూడదా?

పాడేవాళ్లు ఒళ్లు కదిపితే పాట చెదిరిపోతుందన్న మాట సంగీతం క్లాసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పాట విన్నవాళ్లకు మాత్రం ఇది నమ్మబుద్ధి కాదు.

అపోహ: ఊగుతూ పాడేది జనాన్ని ఆకట్టుకోవడానికే.

వాస్తవం: గోరటి వెంకన్నది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఈ కవి వేదికెక్కితే ఉన్నచోట నిలబడి పాడడం అరుదు. నడుము వంచి, చేయి విసిరి, అడుగు ముందుకూ వెనక్కూ వేస్తూ పాడతారు. చూసేవాళ్లకు అది ఆట. పాటకు అదే దరువు; పక్కన డప్పు లేకున్నా లయ జారదు.

బతుకమ్మ సంగతీ అంతే. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. పదిమంది ఉన్నా వందమంది ఉన్నా వాళ్లను ఒక్క లయలో పట్టి ఉంచేవి చప్పట్లు, అడుగులే. మధ్యలో మాటలు మరిచిపోయినా చప్పట్లు ఆగవు.

లయ చెవితోనే కాదు, ఒంటితోనూ తెలుస్తుంది. 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన కెనడా పరిశోధన ఈ మాటే చెప్పింది. 7 నెలల పసివాళ్లకు హెచ్చుతగ్గులు లేని దరువు వినిపిస్తూ, కొందరిని ప్రతి రెండో దెబ్బకు, కొందరిని ప్రతి మూడో దెబ్బకు ఎత్తి ఆడించారు. తర్వాత పిల్లలు తమను ఆడించిన తీరుకు సరిపోయే దరువునే ఎక్కువసేపు విన్నారు.

అపోహ: శాస్త్రీయ సంగీతం కదలికను ఒప్పుకోదు.

వాస్తవం: 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో మెడ వంకర పెట్టడం, కాళ్లూ చేతులూ చాచడం, కళ్లు మూసుకోవడం గాయక దోషాలన్నాడు. నిజమే. అయితే ఆయన తప్పుపట్టింది వికారాన్ని, కదలికను కాదు. ఆదితాళం 8 అక్షరాలనూ తొడ మీద చరిచి, వేళ్లు లెక్కపెట్టి, చేయి తిప్పి వేయడం కదలిక కాక మరేమిటి?

అపోహ: అడుగులేస్తూ పాడితే ఊపిరి అందదు.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, దానికి విరుగుడూ మన కళల్లోనే ఉంది. బుర్రకథలో కథకుడు తంబుర భుజానికెత్తుకుని, గజ్జెలు కట్టుకుని చిందేస్తూ పాడతాడు. వెనకున్న ఇద్దరు వంతపాట అందుకోగానే ఆయనకు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది.

అసలు చేటు చేసేది బిగుసుకుపోవడం. మోకాళ్లు బిర్రబిగిసి, భుజాలు పైకి లేచి, గడ్డం ఎత్తిపట్టి తారస్థాయికి పోతే మెడ కండరాలు పట్టేసి గొంతు నలుగుతుంది. ఆస్ట్రేలియా నటుడు ఎఫ్.ఎం. అలెగ్జాండర్ వేదిక మీద మాటిమాటికీ గొంతు పోతుంటే అద్దాల ముందు నిలబడి తనను తాను గమనించుకున్నాడు. నోరు విప్పగానే తల వెనక్కి లాగేస్తున్నట్టు కనిపెట్టి, ఆ అలవాటు మానుకున్నాకే గొంతు కుదురుకుంది. ఆయన పేరుతో వచ్చిన శిక్షణను గాయకులు నేటికీ నేర్చుకుంటున్నారు.

అపోహ: చేయి పైకెత్తితే స్వరం పైకి పోతుంది.

వాస్తవం: పోదు. స్వరం ఎత్తును తేల్చేవి ముఖ్యంగా స్వరతంత్రుల బిగువు, పొడవు. చేయి ఆ స్వరాన్ని మనసుకు గుర్తుచేయగలదు, అంతే.

కొత్త పాట నేర్చుకునేవాళ్లు ముందు గదిలో నెమ్మదిగా నడుస్తూ, అడుగుకో దెబ్బ చొప్పున చరణం పాడి చూడండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం సాధన ఆపి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.