సూర్యుడు కాల్షీటు మార్చుకోడు!

ఎండాకాలం ఆరుబయట పెళ్ళికి ఔట్‌డోర్ షూటింగు పాఠాలు

సినిమాలో పెళ్ళి సీను చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుంది! పచ్చటి పందిరి, గుమ్మానికి అరటి బోదెలు, మామిడాకుల తోరణాలు, బాసికం కట్టుకున్న హీరో, తలంచుకుని ఓరగా చూసే హీరోయిన్... తాళి కట్టగానే అక్షింతలు పూలవానలా కురుస్తాయి. అంతమందిలో ఒక్కరి నుదుటి మీదా చెమట చుక్క కనబడదు. కనబడిందో, డైరెక్టరు గారు ‘కట్’ అంటారు. మేకప్‌మాన్ టవలు పట్టుకుని పరిగెత్తుకొస్తాడు.

మరి మనింటి పెళ్ళిలో ‘కట్’ అనేవాళ్ళెవరు?

ఇప్పటి కుర్రకారుకి కళ్యాణ మండపంలో నాలుగు గోడల మధ్య పెళ్ళంటే మొహం మొత్తింది. మామిడితోటలో కావాలి, గోదావరి గట్టున కావాలి, విశాఖ సముద్రపుటొడ్డున కావాలి! తప్పేం లేదు. మన తాతలంతా వాకిట్లో పందిరి కింద పెళ్ళాడినవాళ్ళే. చిక్కల్లా ఒక్కటే. ముహూర్తాలు జోరుగా ఉండేది వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో. ఆషాఢం వచ్చిందంటే మళ్ళీ శ్రావణం దాకా ఆగాలి. పిల్లలకి సెలవులు, చుట్టాలకి తీరిక కూడా అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే సూర్యుడు గారు కూడా విశ్వరూపం చూపిస్తారు. మే నెలాఖరుకి రోహిణీ కార్తె వస్తుంది. ఆ కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళే పగిలితే మనుషుల మాటేమిటి?

డోలు లేని గట్టిమేళం

కొన్నేళ్ళ క్రితం మా చుట్టాలమ్మాయి పెళ్ళికి వెళ్ళాను. ఊరి బయట మామిడితోట. ముహూర్తం పగలు పదకొండుంబావుకి. పెళ్ళిపీటలకి అటో కూలరు, ఇటో కూలరు. పెద్దమనుషుల సోఫాల ముందు ఇంకో రెండు. బాజాభజంత్రీల వాళ్ళకి మాత్రం పందిరి అంచున బెంచీ వేశారు, సగం నీడ, సగం ఎండ. ముహూర్తం వేళకి ఆ సగం నీడ కూడా పక్కకి జరిగిపోయింది.

జీలకర్ర బెల్లం పెడుతున్నారు. ‘గట్టిమేళం! గట్టిమేళం!’ అని కేకలు. సన్నాయి పలికింది గానీ డోలు పలకలేదు. డోలు వాయించే పెద్దాయన ఆ డోలు మీదికే ఒరిగిపోయి ఉన్నాడు. అందరి కళ్ళూ పీటల మీద. కెమెరా కన్నూ అక్కడే. ముందుగా చూసింది అక్షింతలు పంచుతున్న పదేళ్ళ పిల్ల. ‘తాతకేదో అయింది’ అని అరిచింది.

నీడకి మోసుకెళ్ళారు. తడిగుడ్డలు చుట్టి విసనకర్రలతో విసిరారు. 108కి ఫోన్ చేశారు. దేవుడి దయవల్ల బతికి బట్టకట్టాడు. కానీ ఆ పెళ్ళి వీడియో వేసినప్పుడల్లా సరిగ్గా ఆ నిమిషం దగ్గర డోలు ఉండదు. పెళ్ళికూతురు అక్కడ లేచి లోపలికి వెళ్ళిపోతుందట.

ఆనాడు నాకు తెలిసొచ్చింది ఇదీ: ఎండాకాలం పెళ్ళి ఏర్పాట్లు పెళ్ళిపీటల దగ్గర మొదలుపెట్టకూడదు. పందిరి అంచు దగ్గర మొదలుపెట్టాలి. పీటల మీద ఉన్నవాళ్ళకి విసిరేవాళ్ళు వందమంది ఉంటారు. అంచున ఉన్నవాడికి ఎవరున్నారు?

పాఠం ఒకటి: కాల్షీటు

‘మాయాబజార్’ (1957) వెన్నెల గుర్తుంది కదూ? అందులో చాలా భాగం స్టూడియోలో పుట్టిన వెన్నెలే. కెమెరామాన్ మార్కస్ బార్‌ట్లీ చేసిన మాయ అది. ఆయనకి చంద్రుడు కూడా కాల్షీటిచ్చాడు! మనకి ఆ సౌకర్యం లేదు. సూర్యుడు ఎవరి కోసమూ కాల్షీటు మార్చుకోడు. మార్చుకోవలసింది మనమే.

ఈ మాట దేవుళ్ళ పెళ్ళిళ్ళే చెబుతున్నాయి. భద్రాచలంలో సీతారామ కళ్యాణం శ్రీరామనవమినాడు మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో జరుగుతుంది. 2013లో వచ్చిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ చివర్లో తెర మీద చూశారుగా, ఆ జనం! ఆ ఎండకి తట్టుకోవడానికే చలువ పందిళ్ళు, పానకాలు, వడపప్పులు, మజ్జిగ. అదే కడప జిల్లా ఒంటిమిట్టలో రాములవారి పెళ్ళి రాత్రిపూట, పండువెన్నెల్లో! పగటి పెళ్ళి తను చూడలేకపోయానని చంద్రుడు అలిగితే స్వామి ఇచ్చిన వరమని చెప్పుకుంటారు. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లాంఛనంగా జరిపించేది ఆ కళ్యాణమే.

అంటే రెండు దారులున్నాయన్నమాట. పగలైతే భద్రాచలమంత బందోబస్తు చేయాలి. అది మనవల్ల కాదంటే ఒంటిమిట్ట దారి పట్టి రాత్రి లగ్నం అడగాలి. పురోహితుడి దగ్గర కూర్చున్నప్పుడు మొహమాటపడకండి. ‘అయ్యగారూ, రాత్రి లగ్నం గానీ తెల్లవారుజాము లగ్నం గానీ చూడండి’ అని ముందే అడగండి. శుభలేఖ అచ్చయ్యాక అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తారు?

ముహూర్తం పగలే కుదిరిందా? అయితే దాన్ని ముట్టుకోకండి, మిగతావన్నీ జరపండి. మంగళస్నానాలు, పసుపు దంచడాలు ఉదయం ఎనిమిదిన్నరలోపు. ఎదురుకోలు, ఊరేగింపు పొద్దు వాలాక. రోజులో అన్నిటికంటే ఎక్కువ వేడి మధ్యాహ్నం రెండుకీ నాలుక్కీ మధ్య. ఆ రెండు గంటల్లో ఏ తంతూ పెట్టకండి. ఫోటోల సంగతంటారా, ఏ కెమెరామాన్‌నైనా అడగండి, సాయంత్రం అయిదు దాటాక పడే వెలుగులో నల్లటి మొహం కూడా బంగారంలా ఉంటుందంటాడు.

పాఠం రెండు: లొకేషన్, సెట్టు

ఔట్‌డోర్ షూటింగు పెట్టుకున్నవాళ్ళు ముందుగా వెళ్ళి లొకేషన్ చూసొస్తారు. మీరూ పెళ్ళికి వారం ముందు, సరిగ్గా ముహూర్తం వేళకి అక్కడికి వెళ్ళి నిలబడండి. నీడ ఎక్కడ పడుతోందో సున్నంతో గీత గీయండి. పొద్దున నీడ పడమటికి, మధ్యాహ్నం దాటాక తూర్పుకి జరుగుతుంది. మే నెలలో మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, పక్క తెరలేవీ పనికిరావు. కప్పే దిక్కు.

కప్పు సంగతికొస్తే తాటాకు పందిరిని మించింది లేదు. ఇనప రేకు కాగి కాగి పెనంలా తయారై కింద ఉన్నవాళ్ళని దోసెలు పోస్తుంది. ప్లాస్టిక్ షామియానా తక్కువ ఎత్తులో కడితే వేడిగాలి దాని కిందే ఉండిపోతుంది. తాటాకు దట్టంగా రెండు వరసలు వేయించి, పందిరి ఎత్తుగా కట్టించి, గాలి అటునుంచి ఇటు పోయేలా రెండు వైపులు తెరిపించండి. పడమటి వైపు మాత్రం తడిక కట్టించండి.

వట్టివేళ్ళ తడికలు, కూలర్లు, మంచులా నీళ్ళు చిమ్మే ఫాన్లు... ఇవన్నీ నీళ్ళు ఆవిరయితేనే చల్లదనమిస్తాయి. రాయలసీమ, తెలంగాణల పొడిగాలిలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. సముద్రపుటొడ్డున గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది. అక్కడ అవి ఉక్కపోత పెంచుతాయి తప్ప తగ్గించవు. బీచిలో పెళ్ళి కావాలనే వాళ్ళు మామూలు పెద్ద ఫాన్లనే నమ్ముకోండి.

‘మా ఊళ్ళో ముప్పయ్యెనిమిదే కదండీ’ అని ధీమాగా ఉండకండి. వాతావరణ శాఖవారు మైదానాల్లో 40 డిగ్రీలు దాటితే గానీ వడగాడ్పుల లెక్క చూడరు. కోస్తాలో మాత్రం 37కే చూస్తారు. పైగా ఆ అంకె నీడలో కొలిచినది. ఎండలో నిలబడ్డవాడి వేడి వేరు.

పందిరికి ఇద్దరు శత్రువులు: నిప్పు, గాలి. 2023 శ్రీరామనవమినాడు పశ్చిమ గోదావరి జిల్లా తణుకు దగ్గర దువ్వలో వేణుగోపాలస్వామి గుడి ముందు వేసిన చలువ పందిరి అంటుకుని కాలిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. అందుకని కరెంటు తీగలు తాటాకుని తాకకూడదు, హోమగుండం పైన కప్పు బాగా ఎత్తుండాలి, నీళ్ళ డ్రమ్ములూ ఇసక బకెట్లూ చేతికందేలా ఉండాలి. ఇక గాలి. 2018 మార్చి 30న ఒంటిమిట్టలోనే కళ్యాణం నాటి సాయంత్రం గాలివాన విరుచుకుపడి పందిళ్ళు కూలాయి, ప్రాణాలు పోయాయి. ఎండ మండిపోయిన రోజు సాయంత్రమే ఈదురుగాలి లేస్తుందని గుర్తుపెట్టుకోండి. రాటలు లోతుగా పాతించండి. దగ్గర్లో గట్టి కప్పున్న చోటు ఒకటి ముందే మాట్లాడి ఉంచండి. వేసవి సెలవుల్లో ఊరి బడి ఖాళీయే కదా!

పాఠం మూడు: కాస్ట్యూమ్స్

పెళ్ళికొడుకు గారూ! నిండు సూటు, బూటు, మెడకి టై... ఎందుకు సార్ ఈ శిక్ష? అది రాత్రి రిసెప్షన్‌కి దాచుకోండి. ముహూర్తానికి మన పెద్దలు కట్టించే మధుపర్కాలు చూశారా? తెల్లటి నూలు బట్టలు, అంచున కాస్త రంగు. ఎండాకాలానికి అంతకంటే మంచి కాస్ట్యూమ్ ఏ డిజైనరూ కుట్టలేడు. పెళ్ళికూతురు గారూ, బరువైన జరీ పట్టుచీర ఒక్క తంతుకి చాలు, మిగతావాటికి మంగళగిరి నూలో వెంకటగిరి నూలో చూడండి. పూలజడకి మల్లెమొగ్గలు తడిగుడ్డలో చుట్టి ఉంచి, ఆఖరి గంటలో కట్టించండి. పీటల మీద కూర్చునేముందు ఇద్దరూ గ్లాసెడు మజ్జిగ తాగండి. ఉపవాసం ఉండే ఆచారం ఉంటే మజ్జిగకైనా పెద్దల దగ్గర పర్మిషన్ తీసుకోండి, కళ్ళు తిరిగి పడ్డాక కంగారుపడటం కంటే నయం.

పాఠం నాలుగు: క్యాంటీన్

విందులో ఐటమ్స్ ఎన్నని కాదు, నీళ్ళెన్ని అని లెక్కేయండి. పందిరి నాలుగు మూలలా నీళ్ళకుండలు, గుమ్మంలో పానకమో నిమ్మరసమో. మజ్జిగలో ఉప్పు, కరివేపాకు, అల్లం. ముంజలు, కొబ్బరిబోండాలు దొరికే కాలం కూడా ఇదే. ఐసు మాత్రం జాగ్రత్త! చేపలకి వాడే ఐసుదిమ్మ వేరు, తాగే నీళ్ళలో వేసేది వేరు. వండిన గంటా రెండు గంటల్లో వడ్డన అయిపోవాలి. పొద్దున వండిన మాంసం మధ్యాహ్నం మూడో బంతికి వడ్డించారా, పెళ్ళి పేరు ఊరంతా వారం రోజులు చెప్పుకుంటారు, కానీ ఆసుపత్రిలో!

పాఠం అయిదు: యూనిట్

ఇదీ అసలు పాఠం. షూటింగులో హీరోకి గొడుగు పట్టే మనిషి ఉంటాడు. ఎండలో రిఫ్లెక్టరు పట్టుకుని నిలబడ్డ లైట్‌బాయ్‌కి గొడుగెవరు పడతారు? మంచి ప్రొడక్షన్ మేనేజరు అతనికి కూడా మజ్జిగ పంపిస్తాడు. మీ పెళ్ళికీ అలాంటి మేనేజరొకడు కావాలి. బాబాయి కొడుకో, కాలేజీ ఫ్రెండో... వాడికి వేరే పనేమీ అప్పజెప్పకండి.

వాడి చేతికి ఒక చీటీ ఇవ్వండి. గాడిపొయ్యి దగ్గర తెల్లవారుజామునుంచి నిలబడ్డ వంటవాళ్ళు, బాజావాళ్ళు, పందిరి వేసేవాళ్ళు, బళ్ళు పెట్టించే కుర్రాళ్ళు, డ్రైవర్లు, ఎంగిలాకులు తీసే ఆడవాళ్ళు. వీళ్ళలో ప్రతి ఒక్కరికీ నీడ ఉందా? పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్ళు అందుతున్నాయా? వంతులవారీగా కాసేపు కూర్చుంటున్నారా? పిలవని పేరంటంలా వాళ్ళంతట వాళ్ళు వచ్చి అడగరు. మనమే వెళ్ళి ఇవ్వాలి. తర్వాత తాతయ్యలు, అమ్మమ్మలు, గర్భిణీ స్త్రీలు, చంటిపిల్లలు. కూలర్లు వీళ్ళ దగ్గరుండాలి, పెద్దమనుషుల సోఫాల దగ్గర కాదు.

ఎవరైనా తూలుతున్నా, మాట తడబడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి గట్టిగా విసరండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. స్పృహ ఉండి నీరసపడినవాళ్ళకి లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టించండి. ఇది వేళాకోళం కాదు. 2015 మే నెల వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అలాంటి రోజుల్లో ముందుగా పడిపోయేది ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళు కాదు, ఎండలో పనిచేసేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు.

శుభం

సినిమా ఎంత బాగా తీసినా ఆఖర్న ‘శుభం’ కార్డు పడాలిగా! మీ పెళ్ళికి ఆ కార్డు ఎప్పుడు పడుతుందో తెలుసా? తాళి కట్టినప్పుడు కాదు, అప్పగింతలప్పుడూ కాదు. ఆఖరి బంతి లేచి, పందిరి రాటలు పీకి, వంటపాత్రలు బండికెక్కించి, డోలు భుజానికెత్తుకుని, వచ్చినవాళ్ళందరూ వచ్చినట్టే ఇళ్ళకి చేరినప్పుడు.

అప్పుడు వీడియో వేసి చూసుకోండి. గట్టిమేళంలో డోలు వినిపిస్తుంది. అంతకంటే మంచి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఎవరు కొట్టగలరు చెప్పండి?