పరుగు ఆగదు... పాదం తప్పదు!

గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా ఒకటి. దాని మీదుగా అటూ ఇటూ పరుగెత్తే కుక్క ఒకటి. పక్కనే జేబునిండా మాంసం ముక్కలు వేసుకుని నిలబడ్డ యజమాని. ఇంగ్లండులోనో, అమెరికాలోనో ఎవరి పెరట్లోనైనా ఈ దృశ్యం కంటబడితే పనీపాటా లేనివాళ్ల సరదా అనుకుంటాం. కాని ఆ పట్టా మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదిపాటు, పడే పాట్లన్నీ పోటీలో ఓ అర సెకను కలిసిరావడం కోసం! ఆ అర సెకనుతోపాటు కుక్క భుజాల క్షేమం కూడా అందులో ముడిపడి వుంది.

ఈ ఆటను ‘ఎజిలిటీ’ అంటారు. చురుకుదనం అని అర్థం. అడ్డుకర్రల మీదుగా దూకడం, గుడ్డ సొరంగాల్లో దూరి బయటపడటం, వరుసగా పాతిన కర్రల మధ్య పాములా మెలికలు తిరగడం, పలకలెక్కి దిగడం - ఇవన్నీ కుక్క చేయాలి. యజమాని వెంట పరుగెత్తుతూ నోటిమాటతో, చేతి సైగతో దారి చూపాలే తప్ప కుక్కను ముట్టుకోకూడదు. తప్పుల్లేకుండా, తక్కువ సమయంలో ముగించినవారిదే గెలుపు.

ఈ ఆట పుట్టుక కూడా చిత్రమే. 1978లో లండన్‌లోని ఒలింపియా హాలులో ‘క్రఫ్ట్స్’ అనే పేరుమోసిన కుక్కల ప్రదర్శన జరిగింది. ఒక పోటీకీ మరో పోటీకీ నడుమ ఖాళీ సమయంలో ప్రేక్షకులకు విసుగు పుట్టకుండా ఏదైనా చూపించాలనుకున్నారు. నిర్వాహకుల్లో ఒకరైన జాన్ వార్లీ, పీటర్ మీన్‌వెల్ అనే శిక్షకుడి సాయం తీసుకుని, గుర్రాల దూకుడు పోటీల నమూనాలో కుక్కలకు ఒక ఆట తయారుచేయించారు. ఖాళీ పూరించడానికి పెట్టిన ఆటే జనానికి తెగ నచ్చేసింది. 1980లో బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ దీనిని అధికారికంగా గుర్తించింది. 1996లో స్విట్జర్లాండ్‌లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది.

పసుపు రంగు దగ్గరే పేచీ

పోటీలో మూడు సాధనాలున్నాయి. వీటి మీద కుక్క ఎక్కడ కాలు మోపుతున్నదీ జడ్జి కళ్లలో వత్తులు వేసుకుని చూస్తాడు. మొదటిది ఇంటికప్పులా రెండు పక్కలకూ వాలి వుండే ‘ఏ ఫ్రేమ్’. రెండోది పార్కుల్లో పిల్లలు చెరో కొసన కూర్చుని ఊగే బల్లలాంటిది. మూడోది ‘డాగ్ వాక్’ అనే సన్నటి వంతెన. మూడు పలకలు - ఒకటి ఎక్కడానికి, ఒకటి నడవడానికి, ఒకటి దిగడానికి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక్కో పలక 3.6 నుంచి 3.8 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు. వంతెన ఎత్తు సుమారు 1.2 మీటర్లు. మన ఊళ్లలో కాలువ మీద అడ్డంగా పడేసిన తాటిమొద్దు మీద నడిచినవారికి ఆ వెడల్పు ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఎక్కే పలకకూ, దిగే పలకకూ కింది భాగంలో 90 సెంటీమీటర్ల మేర వేరే రంగు వేస్తారు. సాధారణంగా అది పసుపు. ఆ రంగు మీద కుక్క కనీసం ఒక్క పాదమైనా పెట్టి తీరాలి. దీన్నే ‘కాంటాక్ట్’ అంటారు. పెట్టకుండా గెంతితే 5 తప్పులు లెక్కవేస్తారు. నిబంధన పెట్టింది కుక్కను ఇబ్బంది పెట్టడానికి కాదు. పైనుంచి ఒక్క ఉదుటున నేలకు దూకితే కాళ్లూ కీళ్లూ దెబ్బతింటాయి. చివరిదాకా పలక మీదే దిగిరావాలన్నదే ఆ రంగు ఉద్దేశం.

కాని ఈ పోటీల్లో రాజ్యమేలేది బోర్డర్ కోలీ జాతి. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో గొర్రెల మందలను మళ్లించడానికి పెంచిన కుక్క అది. దాని అంగ పొడవు. పరుగు మీద వుంటే ఆ పసుపు భాగం దానికి ఒక్క అంగకు చాలదు. దాటేసిందని దానికే తెలియదు.

ఇందుకు పాతకాలపు విరుగుడు - ఆపడం. పలక చివర వెనుక కాళ్లు రెండూ పలక మీద, ముందు కాళ్లు రెండూ నేల మీద వుంచి కుక్క ఆగాలి. యజమాని మాట చెప్పాకే కదలాలి. ఇది నమ్మకమైన పద్ధతి. నేర్పడమూ తేలికే. నేటికీ ఎందరో దీన్నే పాటిస్తున్నారు. అయితే రెండు చిక్కులున్నాయి. వంతెన మొత్తాన్ని రెండు సెకన్లకు అటూ ఇటుగా దాటేసే కుక్క చివర ఆగితే సమయం పోతుంది. పెద్ద పోటీల్లో గెలుపోటములు సెకనులో నూరోవంతుల లెక్కన తేలుతాయి. రెండో చిక్కు అంతకంటే ముఖ్యం. కుక్క నిలబడి వున్నప్పుడే దాని బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీద వుంటుంది. ఏటవాలున జోరుగా దిగివచ్చి చటుక్కున ఆగితే ఆ భారమంతా భుజాల మీద పడుతుంది. ఈ ఆటలో కుక్కలకు ఎక్కువగా దెబ్బతినేవి భుజాలేనని వేర్వేరు దేశాల్లో జరిపిన సర్వేల్లో తేలింది.

అందుకే ఆపకుండానే ఆ రంగు మీద కాలు వేయించడం ఎలా అని ఆలోచించారు. అదే ‘రన్నింగ్ కాంటాక్ట్’.

పట్టా పాఠం

దూడను కాడికి అలవాటు చేసే రైతు తొలిరోజే దానిచేత పొలం దున్నించడు. ఇక్కడా అంతే. వంతెన జోలికి పోకుండా ముందు నేల మీద పట్టా పరుస్తారు. కుక్క వాసన చూసుకుంటూ వచ్చి దానిపై కాలు పెట్టగానే ‘టిక్కు’మని చప్పుడు చేస్తారు, వెంటనే తినడానికి ముక్క వేస్తారు. ఆ చప్పుడు చేసే వస్తువు పేరు క్లిక్కర్. తిరునాళ్లలో పిల్లలకు కొనిపెట్టే రేకు కప్ప బొమ్మ లాంటిదే. హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ ఈ తరహా శిక్షణను కుక్కల యజమానుల్లో ప్రచారం చేసినవారిలో ముఖ్యురాలు. చప్పుడు అయిన క్షణంలో చేసిన పనికే తిండి దొరికిందని కుక్కకు అర్థమవుతుంది. చప్పుడు ఆలస్యమైతే పాఠమే మారిపోతుంది. పాదం పట్టా మీద వున్నప్పుడు కాక పైకి లేచాక మోగిస్తే, కాలు ఎత్తినందుకే ముక్క వచ్చిందని అది నేర్చుకుంటుంది.

కొన్నాళ్లకు ముక్కను పట్టా దగ్గర కాకుండా ముందుకు, దూరంగా విసురుతారు. కుక్క ఇప్పుడు పట్టా మీదుగా పరుగెత్తాలి. పాదాలు పడితే చప్పుడు, ముక్క. పైనుంచి దూకేస్తే ఏమీ వుండదు - తిట్టూ లేదు, దెబ్బా లేదు. మళ్లీ మొదటినుంచి. ముఖ్యంగా చూసేది వెనుక కాళ్లను. రెండూ జంటగా ఒకేచోట పడితే అది గెంతు. ఒకదాని తరువాత ఒకటి పడితే పరుగు. కావలసింది పరుగు. ఆ వేగంలో కంటికి ఆనదు కాబట్టి సెల్‌ఫోన్‌లో వీడియో తీసి, నిదానంగా తిప్పి చూసుకుంటారు.

నేల మీద కుదిరాక పలకను నేలపైనే పరిచి దాని చివర పట్టా వుంచుతారు. తరువాత పలక కింద ఇటుక ఎత్తు, ఆపైన రెండిటుకల ఎత్తు... అలా కొద్దికొద్దిగా లేపుతారు. పదిసార్లలో ఎనిమిదిసార్లు పాదం సరిగ్గా పడితేనే ఎత్తు పెంచాలన్నది చాలామంది పెట్టుకున్న లెక్క. తప్పులు ఎక్కువైతే పలకను మళ్లీ కిందికి దించాలి. ఇక్కడే మనుషులు ఓడిపోతుంటారు. నాలుగు రోజులు బాగా చేసిందని గబగబా ఎత్తు పెంచేస్తారు. కుక్క గెంతడం మొదలుపెడుతుంది. ఆ గెంతు ఒకసారి అలవాటైతే మాన్పించడం నేర్పించడంకంటే కష్టం.

ఇందులో ఒక సదుపాయమూ వుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని కుక్క పోటీకి పనికిరాదు. ఎముకలు ముదరకముందే ఎత్తులు ఎక్కించడం మంచిది కాదు. నేల మీద పట్టా పాఠానికి దూకుడు అవసరం లేదు గనుక లేత వయసులోనే మొదలుపెట్టవచ్చు.

పట్టా తీసేస్తే?

పోటీ బరిలో పట్టా వుండదు. అసలు పరీక్ష అక్కడే. అందుకే పట్టాను పలక రంగులోకి మారుస్తారు, అంచులు కత్తిరించి చిన్నది చేస్తారు, పలచటిది వేస్తారు, చివరికి తీసేస్తారు. కొన్ని కుక్కలకు పట్టాతోపాటు పాఠమూ మాయమవుతుంది! అసలు పట్టానే వద్దనేవారూ వున్నారు. ఈ రంగంలో పేరు తెచ్చుకున్న స్లొవేనియా శిక్షకురాలు సిల్వియా ట్రక్‌మన్ పట్టా వాడరు. పలకను నేల మీదనుంచి మొదలుపెట్టి, గెంతకుండా చక్కగా పరుగెత్తిన తీరుకే బహుమానం ఇవ్వడం ఆమె పద్ధతి. పట్టా పక్షంవారు మాత్రం, కుక్కకు ‘ఇక్కడ’ అని స్పష్టంగా చూపడానికి అంతకంటే సులువైన దారి లేదంటారు. ఇద్దరి శిష్యులూ పోటీల్లో నెగ్గుతున్నారు కాబట్టి ఈ వాదన ఇప్పట్లో తెగేది కాదు.

తిన్నగా పరుగెత్తడం వచ్చినా పని పూర్తికాదు. వంతెన దిగగానే పక్కకు తిరగాల్సివుంటే కుక్క ముందుగానే యజమాని వైపు చూస్తుంది. దాంతో అంగ మారుతుంది, కాలు తప్పుతుంది. కాబట్టి మలుపులు వేరే పాఠం. ఊగే బల్ల మీద మాత్రం పరుగు కుదరదు. బల్ల కొస నేలను తాకేదాకా కుక్క దానిమీదే వుండాలి. ముందే దిగితే తప్పే.

మన పోలీసు జాగిలాలూ పలకలెక్కుతాయి, గోడలు దూకుతాయి. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ వాటి శిక్షణకు పేరుపొందింది. అయితే వాటి అసలు విద్య వాసన పట్టడం. పలక మీద ఏ రంగు దగ్గర కాలు పెట్టిందని వాటినెవరూ అడగరు.

అక్కడ బరిలో అడిగేవాడు వున్నాడు. యజమాని చేతిలో ముక్క వుండదు, క్లిక్కరు వుండదు. దిగే పలక కనిపించేచోట జడ్జి నిలబడి వుంటాడు. పసుపు రంగును దాటి కుక్క గెంతిందా, ఆయన చెయ్యి పైకి లేస్తుంది.